చిగుళ్ళ జబ్బు, రుమటాయిడ్ కీళ్ళవాతం

పంటిని పట్టి ఉంచే చిగురూ, దాని వెనకాలి ఎముకా ఏళ్ళ తరబడి వాచి కరిగిపోయే జబ్బును వైద్యులు పెరియోడాంటైటిస్ అంటారు. పాతతరం వాళ్ళ నోట పయోరియా. వేళ్ళ కణుపులు, మణికట్లు, మోకాళ్ళు రెండు పక్కలా వాచి, పొద్దున్న లేచేసరికి కొయ్యబారిపోయే జబ్బు రుమటాయిడ్ ఆర్థరైటిస్, వాడుకలో రుమటాయిడ్ కీళ్ళవాతం. ఒకటి నోట్లో, మరొకటి చేతుల్లో. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసి కనిపించడం వట్టి కాకతాళీయం కాదనీ, చిగుళ్ళ జబ్బు ఎప్పుడో నాటిన విత్తనమే కొందరిలో కీళ్ళవాతమై మొలకెత్తుతుందనీ గత పాతికేళ్ళుగా పరిశోధకులు వాదిస్తున్నారు. ఈ వాదంలో గట్టి భాగముంది, ఇంకా తేలని భాగమూ ఉంది. రెండింటినీ కలిపేసి, పళ్ళు తోముకుంటే కీళ్ళనొప్పులు పోతాయని చెప్పేవాళ్ళకు కొదవ లేదు.

కోల్‌కతాలోని ఏక్‌బాల్‌పూర్ వాసిని తీసుకుంటే చిక్కు ఎక్కడుందో తేలిగ్గా బోధపడుతుంది. ఖిదిర్‌పూర్ రేవు పక్కన, డైమండ్ హార్బర్ రోడ్డును ఆనుకుని ఉన్న పేట అది. ఉర్దూ, బెంగాలీ, హిందీ మూడూ వీధిలో వినిపిస్తాయి. కాస్త పడమటికి పోతే గార్డెన్ రీచ్, అక్కడే ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం. వాల్తేరు డివిజన్ 2003 దాకా ఆ ఆఫీసు కిందే ఉండేది కనుక ఉత్తరాంధ్ర రైల్వే కుటుంబాలకు ఈ దారులు కొత్తవి కావు. ఏక్‌బాల్‌పూర్ మనిషికి కీళ్ళు వాస్తే దగ్గర్లోని పెద్ద ప్రభుత్వాసుపత్రి ఎస్‌ఎస్‌కేఎం. జనం ఇప్పటికీ పీజీ ఆసుపత్రి అనే అంటారు. అక్కడ రుమటాలజీకి ప్రత్యేక విభాగం ఉంది. చిరునామా 244, ఆచార్య జగదీశ్ చంద్రబోస్ రోడ్డు. అదే మనిషికి చిగుళ్ళలో చీము పడితే పోవలసింది డాక్టర్ ఆర్. అహ్మద్ దంత వైద్య కళాశాలకు. చిరునామా 114, ఆచార్య జగదీశ్ చంద్రబోస్ రోడ్డు. రోడ్డు ఒకటే, ఓపీ చీటీలు రెండు. హైదరాబాదులోనూ అంతే: కీళ్ళకు పంజాగుట్టలో నిమ్స్, పళ్ళకు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల. రెండు చీటీలూ ఒకే బల్ల మీదికి వచ్చే సందర్భం మన వైద్యంలో అరుదు. ఈ వ్యాస విషయమంతా ఆ రెండు చీటీల నడుమ ఉన్న ఖాళీలోనే ఉంది.

రెండు జబ్బులు, రెండు పరీక్షలు

పంటి డాక్టరు చేతిలో సన్నటి ఉక్కు పుల్ల ఒకటి ఉంటుంది. కొసన అర మిల్లీమీటరు గుండు, దాని పైన 3.5 నుంచి 5.5 మిల్లీమీటర్ల దాకా నల్లపట్టీ. పంటికీ చిగురుకూ మధ్య సందులోకి దాన్ని బలం పెట్టకుండా దింపుతారు. చిగురు బాగున్న చోట మూడు మిల్లీమీటర్ల లోపే ఆగిపోతుంది. నల్లపట్టీ చిగురులోకి దిగి కనబడకుండా పోయిందంటే ఆ సందు గుంట అయిందన్నమాట. ఒక్కో పంటికి ఆరేసి చోట్ల ఇలా కొలుస్తారు. పుల్ల తీసిన కొద్ది సెకన్లకు అక్కడ రక్తం తేలిందంటే లోపల వాపు ఇంకా రగులుతోందని గుర్తు. జబ్బు ముదిరిన నోట్లో ఈ గుంటల లోపలి పొరనంతా పరిచి చూస్తే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్ల పుండు అవుతుందని లెక్క కట్టారు. అరచేతిలో ఇంత పుండు ఉంటే ఎవరూ ఊరుకోరు. నోట్లోది నొప్పి పెట్టదు, అందుకే ఏళ్ళు గడిచిపోతాయి. ముదిరిన పెరియోడాంటైటిస్ ప్రపంచ జనాభాలో సుమారు 11 శాతం మందికి ఉందని అంచనా.

ఈ జబ్బుకు మొదలు పాచి. పంటి మీద పేరుకునే ఆ మెత్తని జిగట పొరలో వందల రకాల బాక్టీరియాలు కాపురముంటాయి. అది గట్టిపడితే గార. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హరాల్డ్ లో అనే పరిశోధకుడు 1965లో ప్రచురించిన ప్రయోగంలో 12 మంది పళ్ళు తోముకోవడం మానేశారు. మూడు వారాల లోపే అందరి చిగుళ్ళూ వాచాయి. తిరిగి తోమడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో తగ్గిపోయాయి. పాచికీ చిగుళ్ళ వాపుకూ సంబంధం ఇంత సూటి. అయితే వాపు ఎముకను తినే దాకా పోవడం మాత్రం అందరిలోనూ జరగదు. అదే హరాల్డ్ లో తరవాత శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది కూలీలను ఏళ్ళ తరబడి గమనించాడు. వాళ్ళకు పళ్ళు తోమే అలవాటు గానీ, పంటి వైద్యం గానీ లేవు. నోటి నిండా గారే. వాళ్ళలో 8 శాతం మందికి జబ్బు వేగంగా ముదిరి పళ్ళు ఊడిపోయాయి, 81 శాతం మందికి మధ్యస్థంగా సాగింది. మిగిలిన 11 శాతం మందికి చిగుళ్ళు వాచినా అంతకు మించి ఏమీ కాలేదు. పాచి ఒకటే అయినా ఒంటి తత్వం వేరు. కీళ్ళవాతంతో పోలిక ఇక్కడే మొదలవుతుంది.

కీళ్ళ డాక్టరు పరీక్ష ఇంకా సులువు. కరచాలనం చేసినట్టే చేయి పట్టుకుని, నాలుగు వేళ్ళ మొదటి కణుపులను అడ్డంగా ఒక్కసారి నొక్కుతాడు. మామూలు మనిషి నవ్వుతాడు, రుమటాయిడ్ ఉన్నవాళ్ళు చేయి లాక్కుంటారు. పొద్దుటి బిగుతు అరగంట, గంట దాటి ఉండడం, ఆరు వారాలకు మించి వాపు తగ్గకపోవడం తక్కిన గుర్తులు. శరీర రక్షణ వ్యవస్థ తన కీళ్ళ లోపలి పొర మీదికే తిరగబడడం ఈ జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2019లో దీంతో బతుకుతున్నవాళ్ళు 1.8 కోట్ల మంది, వాళ్ళలో దాదాపు 70 శాతం ఆడవాళ్ళే. ఢిల్లీ దగ్గరి గ్రామాల్లో మాలవీయ బృందం 1993లో ప్రచురించిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళలో 0.75 శాతం మందికి ఈ జబ్బు ఉంది. వయసు మళ్ళాక మోకాళ్ళు అరిగి వచ్చే నొప్పి ఇది కాదు. చికున్‌గున్యా వచ్చి పోయాక నెలల తరబడి ఉండే నొప్పులూ ఇవి కావు, కాకపోతే చూడ్డానికి ఆ రెంటితోనూ పొరబడే వీలుంది.

మన పాత వైద్య గ్రంథాల్లో రెండూ ఉన్నాయి, వేరువేరుగా. సుశ్రుత సంహిత దంతమూలంలో పుట్టే రోగాలను పదిహేనుగా లెక్కించింది. చిగుళ్ళు రక్తం కారి పళ్ళు కదిలే శీతాదం, దంతవేష్టం, ఉపకుశం వాటిలోవే. కీళ్ళు వాచే ఆమవాతాన్ని మాధవ నిదానం విడిగా వర్ణించింది. ప్రాచీనులకు ఈ సంబంధం ముందే తెలుసని చెప్పుకోవాలని కొందరికి ఉబలాటం. ఆ అధ్యాయాలు చదివితే అలాంటిదేమీ దొరకదు.

పళ్ళు పీకిన కాలం

పంటికీ కీలుకూ ముడిపెట్టిన మొదటి తరం ఆలోచన చేసిన చెరుపు తక్కువది కాదు. అమెరికా వైద్యుడు బెంజమిన్ రష్ 19వ శతాబ్దం మొదట్లో ఒక రోగి సంగతి రాశాడు. పుచ్చుపన్ను పీకించుకున్నాక ఆమె తుంటి వాతం పోయిందట. లండన్ వైద్యుడు విలియం హంటర్ 1900లో నోటి కుళ్ళే సకల రోగాలకూ మూలమని పత్రం రాసి, 1910లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో అదే మాట ఇంకా గట్టిగా చెప్పాడు. కుళ్ళిన పంటి వేళ్ళ మీద బంగారు తొడుగులు కట్టే దంతవైద్యుల మీద నిప్పులు చెరిగాడు. షికాగోలో ఫ్రాంక్ బిల్లింగ్స్ 1912 ప్రాంతంలో దీన్నొక సిద్ధాంతంగా నిలబెట్టాడు. ఒంట్లో ఎక్కడో ఒక మూల సూక్ష్మజీవుల గూడు ఉంటుంది, అక్కణ్ణుంచి రక్తంలో ప్రయాణించి అవి కీళ్ళను చేరతాయి, గూడును తీసేస్తే కీళ్ళు బాగవుతాయి అన్నది దాని సారం. గూడు అనుకున్నది పంట్లోనో టాన్సిల్లోనో. ఫలితంగా రెండు దశాబ్దాలకు పైగా పడమటి దేశాల్లో కీళ్ళవాతం రోగుల పళ్ళు వరసబెట్టి పీకేశారు. చాలామందికి పళ్ళూ పోయాయి, నొప్పులూ మిగిలాయి.

కోల్‌కతాలో ఆధునిక దంతవైద్యం మొదలైంది సరిగ్గా ఆ రోజుల్లోనే. తూర్పు బెంగాల్‌లో 1890లో పుట్టిన రఫీఉద్దీన్ అహ్మద్ అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1915లో దంతవైద్య పట్టా పొంది, బోస్టన్‌లో పనిచేసి, 1919లో తిరిగి వచ్చాడు. 1920లో దేశంలోనే మొదటి దంత వైద్య కళాశాలను ఆరంభించాడు. దానికి డబ్బు కోసం నగరంలో న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే దుకాణం పెట్టాడు. కూల్‌డ్రింకులు అమ్మిన లాభంతో పళ్ళ కాలేజీ నడపడంలోని వేళాకోళం ఆయనకు తోచిందో లేదో గానీ, కాలేజీ మాత్రం నిలిచింది. మహమ్మద్ అలీ జిన్నా చెల్లెలు ఫాతిమా జిన్నా దంతవైద్యం చదివింది ఇక్కడే. 1949లో అహ్మద్ దాన్ని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి అప్పగించాడు. తరవాత బిధాన్ చంద్ర రాయ్ మంత్రివర్గంలో మంత్రిగా పనిచేశాడు. 1964లో పద్మభూషణ్ వచ్చింది, మరుసటి ఏడు కన్నుమూశాడు. డిసెంబరు 24న ఆయన పుట్టినరోజును మన దేశంలో దంతవైద్యుల దినంగా జరుపుకుంటారు.

పళ్ళు పీకే మోజుకు తెర దించిన పత్రం 1938లో వచ్చింది. రాసినవాళ్ళలో ఒకడైన రస్సెల్ సెసిల్ అంతకు ముందు ఆ సిద్ధాంతాన్ని నమ్మినవాడే. మన వైద్య విద్యార్థులు నేటికీ తిరగేసే సెసిల్ పాఠ్యగ్రంథం ఆయన మొదలుపెట్టిందే. ఆంజెవైన్‌తో కలిసి 200 మంది రుమటాయిడ్ రోగుల వివరాలు వడపోసి, పళ్ళు పీకినా టాన్సిళ్ళు తీసినా ఒరిగిందేమీ లేదని తేల్చాడు. దాంతో నోటికీ కీలుకూ ముడిపెట్టే మాటే అపహాస్యమై, మరో అరవై ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు.

ఒక బాక్టీరియా, ఒక ఎంజైమ్

కథ మళ్ళీ మొదలైంది వేరే వైపు నుంచి. రుమటాయిడ్ రోగుల రక్తంలో చాలాకాలంగా వెతుకుతున్నది రుమటాయిడ్ ఫ్యాక్టర్. మన ల్యాబుల్లో ఆర్‌ఏ ఫ్యాక్టర్ అని రాసే పరీక్ష అదే. క్షయలోనూ, కొన్ని కాలేయ వ్యాధుల్లోనూ, ఏ జబ్బూ లేని ముసలివాళ్ళలోనూ అది పాజిటివ్ రావచ్చు కనుక నమ్మకం తక్కువ. 1990ల చివర నెదర్లండ్స్ పరిశోధకులు అంతకన్నా గురి ఉన్న పరీక్ష కనిపెట్టారు: యాంటీ సీసీపీ. సిట్రులిన్ అనే అమైనో ఆమ్లం చేరిన ప్రొటీన్ల మీద శరీరం తయారుచేసుకునే యాంటీబాడీలను ఇది పట్టుకుంటుంది.

ప్రొటీన్ల గొలుసులో సిట్రులిన్ పుట్టుకతో ఉండదు. ఆర్జినిన్ అనే ఆమ్లాన్ని ఒక ఎంజైమ్ మార్చితేనే వస్తుంది. ఆ మార్పులో ఆర్జినిన్‌కున్న ధన విద్యుదావేశం పోతుంది, ప్రొటీన్ మడత సడలుతుంది. మన ఒంట్లోనూ ఈ ఎంజైములున్నాయి, చర్మంలో, తెల్లరక్తకణాల్లో రోజూ ఆ పని జరుగుతూనే ఉంటుంది. కొందరిలో మాత్రం, ముఖ్యంగా హెచ్‌ఎల్‌ఏ డీఆర్‌బీ1 అనే జన్యువులో కొన్ని రకాలు ఉన్నవాళ్ళలో, రక్షణ వ్యవస్థ ఇలా మారిన ప్రొటీన్‌ను పరాయిదిగా లెక్కిస్తుంది.

1999లో జాన్ ట్రావిస్, యాన్ పొటెంపా బృందం పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బాక్టీరియాలో ఇదే పని చేసే ఎంజైమ్‌ను గుర్తించింది. ముదిరిన చిగుళ్ళ గుంటల్లో మకాం వేసే బాక్టీరియా అది. గాలి తగలని లోతుల్లో బతుకుతుంది. ఈ ఎంజైమ్ ఉన్నట్టు తెలిసిన బాక్టీరియాలు అతి తక్కువ. పనితీరూ విచిత్రం. మన ఎంజైములకు కాల్షియం కావాలి, దీనికి అక్కర్లేదు. మనవి గొలుసు నడుమనున్న ఆర్జినిన్‌ను మారుస్తాయి, ఇది గొలుసు కొసనున్నదాన్ని మారుస్తుంది. కొస ఎక్కణ్ణుంచి వస్తుందంటే, ఇదే బాక్టీరియా దగ్గర జింజిపెయిన్లు అనే కత్తెర ఎంజైములున్నాయి. అవి ప్రొటీన్‌ను సరిగ్గా ఆర్జినిన్ పక్కనే కత్తిరిస్తాయి. ముందు కత్తెర, వెనకే మార్పిడి. మనిషి రక్తంలోని ఫైబ్రినోజెన్‌నూ, ఆల్ఫా ఎనొలేజ్‌నూ ఈ జంట కత్తిరించి సిట్రులిన్ కొసలతో వదలగలదని వెగ్నర్ బృందం 2010లో చూపింది. అంతకు రెండేళ్ళ ముందు లండ్‌బర్గ్ బృందం రుమటాయిడ్ రోగుల యాంటీబాడీలు కొన్ని మనిషి ఎనొలేజ్‌నూ, ఈ బాక్టీరియా ఎనొలేజ్‌నూ తేడా లేకుండా పట్టుకుంటున్నాయని కనుగొంది. ఎలుకల్లో ఈ బాక్టీరియాను ఎక్కిస్తే కీళ్ళవాపు ఉధృతమైందనీ, ఆ ఎంజైమ్ తీసేసిన రకాన్ని ఎక్కిస్తే కాలేదనీ 2013లో మరెజ్ బృందం ప్రచురించింది. ఈ దారినే 2004లో రోసెన్‌స్టైన్, వైస్‌మన్ తదితరులు ఒక ఊహగా ముందే రాసిపెట్టారు. చిగుళ్ళ గుంటలో కొత్తరకం ప్రొటీన్లు తయారవుతాయి, వాటి మీద యాంటీబాడీలు పుడతాయి, ఆ యాంటీబాడీలే ఏళ్ళ తరవాత కీళ్ళలోని అలాంటి ప్రొటీన్ల మీద పడతాయి అని.

పాత సిద్ధాంతానికీ దీనికీ తేడా గమనించాలి. బిల్లింగ్స్ కాలంలో బాక్టీరియాయే నడిచి కీలుకు పోతుందనుకున్నారు. ఇప్పటి వాదంలో కీలుకు చేరేది బాక్టీరియా కాదు, దాన్ని చూసి శరీరం నేర్చుకున్న తప్పు పాఠం. కనుక పాఠం నేర్చుకున్నాక బడిని పడగొట్టినా లాభం లేదన్నది సెసిల్ పత్రానికి ఇప్పుడు చెప్పగల అర్థం.

ఈ బాక్టీరియా ఒక్కటే నిందితురాలు కాదు. అగ్రిగేటిబాక్టర్ ఆక్టినోమైసెటెంకోమిటన్స్ అనే నోరు తిరగని పేరున్న మరొకటి ఉంది. దీనికి సిట్రులిన్ తయారుచేసే ఎంజైమ్ లేదు. ఇది విడిచే ల్యూకోటాక్సిన్ అనే విషం తెల్లరక్తకణం గోడకు చిల్లులు పెడుతుంది. కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. అప్పుడు ఆ కణంలోని మన ఎంజైములే అదుపు తప్పి దొరికిన ప్రొటీన్‌నల్లా మార్చిపారేస్తాయి. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి 2016లో వచ్చిన ఈ పరిశోధనలో, రుమటాయిడ్ రోగుల్లో దాదాపు సగం మందికి ఈ బాక్టీరియా సోకిన జాడలు రక్తంలో కనిపించాయి. ఆరోగ్యవంతుల్లో అది 11 శాతం.

2023లో స్టాన్‌ఫర్డ్ బృందం ప్రచురించిన పని ఇంకా దగ్గరగా చూపింది. రుమటాయిడ్ ఉన్న కొద్దిమంది రక్తాన్ని ఏళ్ళ తరబడి పదేపదే పరీక్షిస్తే, చిగుళ్ళ జబ్బు కూడా ఉన్నవాళ్ళ రక్తంలో నోటి బాక్టీరియాలు అప్పుడప్పుడూ వచ్చి పోతున్నాయని తేలింది. నోట్లోని ఆ బాక్టీరియాల మీద కూడా సిట్రులిన్ చేరిన ప్రొటీన్లున్నాయి, రోగుల యాంటీబాడీలు వాటిని గుర్తుపడుతున్నాయి. పరీక్షించింది అయిదుగురినే. నా మట్టుకు, ఇంత తక్కువ మందిని ఇంత ఓపిగ్గా చూడడమే ఈ పత్రం బలం. వేలమందిని ఒక్కొక్కసారి చూస్తే ఈ రాకపోకలు ఎవరి కంటా పడేవి కావు.

లెక్కలు కుదరని చోట

ప్రయోగశాలలో ఇంత పొందిగ్గా అమరిన కథ జనం లెక్కల్లోకి వచ్చేసరికి చెదురుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేలోని 4,461 మంది వివరాలను ద పాబ్లో బృందం 2008లో విశ్లేషిస్తే, రుమటాయిడ్ ఉన్నవాళ్ళకు చిగుళ్ళ జబ్బు ఉండే అవకాశం 1.82 రెట్లు, పళ్ళన్నీ ఊడి ఉండే అవకాశం 2.27 రెట్లు కనిపించాయి. కానీ ఆ సర్వేలో రుమటాయిడ్ రోగులు 103 మందే. అమెరికాలోనే 80 వేలకు పైగా నర్సులను ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం 2010లో వచ్చింది. చిగుళ్ళ శస్త్రచికిత్స జరిగినవాళ్ళకు గానీ, పళ్ళు పోయినవాళ్ళకు గానీ కీళ్ళవాతం ఎక్కువగా రాలేదని అది చెప్పింది. స్వీడన్‌లో 2016లో వచ్చిన మరో పెద్ద అధ్యయనం రెండున్నర వేలకు పైగా రోగుల పంటి రికార్డులను మామూలు జనంతో పోల్చి, తేడా ఏమీ లేదంది.

ఏది నమ్మాలి? స్వీడన్‌లోనూ, అమెరికా నర్సుల్లోనూ పంటి వైద్యం అందుబాటులో ఉంటుంది. నోట్లో గుంటలు ముదరక ముందే శుభ్రం చేయించుకునే జనాభాలో ఈ సంబంధం బయటపడకపోవడం వింత కాదు. పైగా రికార్డుల్లో వైద్యం సంకేతాలే ఉంటాయి గానీ పుల్లతో కొలిచిన లోతులుండవు. ఇంకో చిక్కూ ఉంది, కాలానిది. ఆమ్‌స్టర్‌డామ్ రక్తదాతల పాత నమూనాలను తీసి పరీక్షించిన నీలెన్ బృందం 2004లో చెప్పిన ప్రకారం, తరవాత రుమటాయిడ్ వచ్చినవాళ్ళలో దాదాపు సగం మందికి యాంటీబాడీలు ముందే ఉన్నాయి, సగటున నాలుగున్నరేళ్ళ ముందు. అంటే కీలు వాచేనాటికి అసలు కథ ఎప్పుడో అయిపోయింది. వెతకాల్సింది రోగుల్లో కాదు, రోగులు కాబోయేవాళ్ళలో.

లీడ్స్ బృందం 2019లో చేసింది ఆ పనే. యాంటీ సీసీపీ పాజిటివ్ ఉండి కీళ్ళు ఇంకా వాయని 48 మందిని పట్టుకుని చిగుళ్ళు కొలిచారు. 73 శాతం మందికి చిగుళ్ళ జబ్బు ఉంది. పోల్చడానికి తీసుకున్న ఆరోగ్యవంతుల్లో అది 38 శాతం. కీళ్ళ జబ్బు రాకముందే, దాని మందులు మొదలుకాకముందే, చేతులు బ్రష్ పట్టలేని స్థితికి రాకముందే ఈ తేడా ఉందంటే, కీళ్ళవాతం వల్లే చిగుళ్ళు చెడ్డాయన్న ఎదురువాదం ఇక్కడ నిలవదు. సంబంధానికి నేను ఎక్కువ బరువిచ్చే సాక్ష్యం ఇదే. అయినా చిగురు ఒక్కటే మూలమని దీంతో తేలదు. ఊపిరితిత్తుల్లో, పేగుల్లో కూడా ఇలాంటి తప్పు పాఠాలు మొదలవుతాయని బలమైన ఆధారాలున్నాయి.

పొగాకు

రెండు జబ్బులకూ ఉమ్మడిగా తెలిసిన ముప్పు పొగ తాగడం. సిగరెట్టు ఊపిరితిత్తుల్లో సిట్రులిన్ మార్పును పెంచుతుందనీ, ముందు చెప్పిన జన్యువు కూడా తోడైతే రుమటాయిడ్ ముప్పు బాగా పెరుగుతుందనీ స్వీడన్‌లో క్లారెస్కోగ్ బృందం 2006లో చూపింది. చిగుళ్ళ విషయంలో పొగ ఇంకో మోసం చేస్తుంది. రక్తనాళాలు ముడుచుకుని చిగురు రక్తం కారడం తగ్గుతుంది. లోపల ఎముక పోతున్నా బయటికి చిగురు గట్టిగా, పొడిగా కనిపిస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు అంగిలి క్యాన్సర్ పరిశోధనల్లో ప్రసిద్ధం. దాన్ని కీళ్ళవాతం కోణంలోంచి చూడాలన్న ఆలోచన అంతగా ఎవరికీ తట్టినట్టు లేదు.

కోల్‌కతా వైపు పొగలేని పొగాకు సమస్య పెద్దది. 2016–17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్ళలో 28.6 శాతం మంది ఏదో ఒక పొగాకు వాడుతున్నారు, 21.4 శాతం మంది నమిలేదో, నోట్లో పెట్టుకునేదో వాడుతున్నారు. బెంగాల్, బీహార్‌లలో గుల్ అనే పొగాకు పొడితోనూ, ఒడిశా వైపు గుడాకు అనే ముద్దతోనూ పళ్ళు తోముకుంటారు. పంటి నొప్పి తగ్గుతుందని మొదలుపెట్టిన అలవాటు వ్యసనమవుతుంది. ఖైనీ, జర్దా పాన్ నిలవ ఉంచే చోట చిగురు కిందికి జారి వేరు బయటపడుతుంది. ఇక్కడ ఒక విషయం తేడాగా ఉంది. స్వీడన్‌లో నోట్లో పెట్టుకునే తడి పొగాకు వాడేవాళ్ళకు రుమటాయిడ్ ముప్పు పెరగలేదని అక్కడి అధ్యయనం చెప్పింది. దోషం నికోటిన్‌ది కాదు, పొగదని దాన్నిబట్టి అనుకోవాలి. సున్నం, వక్క కలిసిన మన సరుకుకు ఆ మాట యథాతథంగా వర్తిస్తుందని మాత్రం అనుకోకూడదు. వక్క ఒంటరిగానే క్యాన్సర్ కారకం.

ఏక్‌బాల్‌పూర్ లాంటి పేటల్లో మిస్వాక్ పుల్ల వాడకం ఉంది, మన పల్లెల్లో వేపపుల్ల, కానుగపుల్ల ఉన్నట్టే. కొస నమిలి కుంచెలా చేసి, చిగురు నుంచి పంటి కొస వైపు మెల్లగా తోమితే పాచి బాగానే వస్తుంది. అడ్డంగా రాపాడితే చిగురు దెబ్బతింటుంది. వెనక దవడ పళ్ళ లోపలి వైపుకు పుల్ల చేరదు, గుంటలు ఎక్కువగా పడేది అక్కడే.

చిగుళ్ళు బాగుచేస్తే కీళ్ళు తగ్గుతాయా

గార తీసి, పంటి వేళ్ళు నునుపు చేసే వైద్యాన్నే జనం క్లీనింగ్ అంటారు. రుమటాయిడ్ రోగులకు ఆ వైద్యం చేసి చూసిన ప్రయోగాలు ఉన్నాయి. 2009లో అమెరికాలో 40 మంది మీద జరిపిన ప్రయోగంలో ఆరు వారాలకు కీళ్ళ తీవ్రత తగ్గింది. ఫ్రాన్స్‌లో 22 మంది మీద జరిపి 2019లో ప్రచురించిన దాంట్లో నోరు బాగుపడింది, కీళ్ళలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అన్నీ చిన్న ప్రయోగాలే, గడువూ కొద్ది నెలలే.

మంచి ఫలితం వచ్చిన చోట కూడా ఒక మెలిక ఉంది. కీళ్ళ తీవ్రతను కొలిచే డాస్ 28 అనే లెక్కలో నాలుగు అంశాలుంటాయి: 28 కీళ్ళలో నొప్పి ఉన్నవెన్ని, వాచినవెన్ని, రోగి తన బాధకు తాను వేసుకున్న మార్కు, రక్తంలో ఈఎస్‌ఆర్ లేదా సీఆర్‌పీ. ఈ నాలుగోది ఒంట్లో వాపు ఎక్కడున్నా పెరుగుతుంది, చిగుళ్ళలో ఉన్నా సరే. క్లీనింగ్ తరవాత ఈఎస్‌ఆర్ దిగితే మొత్తం మార్కు దిగుతుంది. కీలు ఒక్క పిసరు తగ్గకపోయినా కాగితం మీద రోగం తగ్గినట్టు కనిపిస్తుంది. ఈ లెక్క తిరగేస్తే ఇంకో మాటా చెప్పవచ్చు. మందులు సరిగ్గా వాడుతున్నా ఈఎస్‌ఆర్ దిగని రోగిని ఇంకా ఖరీదైన మందుకు మార్చే ముందు నోరు తెరిపించి చూడడం దండగ కాదు.

ఎదురు దిశలోనూ కొంత పని జరిగింది. టోసిలిజుమాబ్, రిటుక్సిమాబ్ వంటి కీళ్ళ మందులు వాడినవాళ్ళ చిగుళ్ళ వాపు తగ్గినట్టు చిన్న అధ్యయనాలున్నాయి. రెండు జబ్బుల్లోనూ ఎముకను తినే రసాయనాలు చాలావరకు ఒకటే కాబట్టి ఇది ఊహించదగిందే.

పంటి కుర్చీలో రుమటాయిడ్ రోగి

సంబంధం ఎంత, ఎటు నుంచి ఎటు అన్నది తేలినా తేలకపోయినా, రెండు జబ్బులూ ఉన్న మనిషి రేపు పంటి డాక్టరు కుర్చీలో కూర్చోవలసిందే. అక్కడ తెలియాల్సినవి వేరే ఉన్నాయి. ముదిరిన రుమటాయిడ్‌లో మెడ పైభాగంలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు సడలవచ్చు. కుర్చీని వెనక్కి వాల్చి తలను బాగా వంచితే వెన్నుపాము నలిగే ప్రమాదం. ఏళ్ళ తరబడి జబ్బు ఉన్నవాళ్ళు మెడనొప్పి, చేతుల్లో తిమ్మిర్లు ఉంటే ముందే చెప్పి మెడ కింద దిండు పెట్టించుకోవాలి. దవడ కీలుకూ జబ్బు సోకి నోరు రెండు వేళ్ళ వెడల్పు కూడా తెరుచుకోనివాళ్ళుంటారు, వాళ్ళకు ఒకేసారి గంట పని కాకుండా విడతలుగా చేయాలి. జబ్బుతో పాటు నోరెండిపోయే షోగ్రెన్ లక్షణాలున్నవాళ్ళకు పుచ్చు కూడా తొందరగా వస్తుంది.

మందుల సంగతి ఇంకా ముఖ్యం. రుమటాయిడ్‌కు మొదటి మందు మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కసారి వేసుకునేది. రోజూ వేసుకునేదని పొరబడి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళున్నారు. చీటీలో ఏ రోజు వేసుకోవాలో రాయించుకోవడం మేలు. నోటి పుళ్ళతో వచ్చిన రోగి ఆ మందు వాడుతుంటే పుండుకు పూత మందు రాసి పంపకుండా రక్త పరీక్ష చేయించాలి. మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళకు కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ ఇస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. పంటినొప్పికి మందుల షాపులో అడిగి కొనే నొప్పి మాత్రలు మూత్రపిండాల మీద భారం పెంచి ఆ మందును ఒంట్లో నిలవ చేస్తాయి. మామూలు క్లీనింగ్‌కూ, ఒక పన్ను తీయడానికీ మెథోట్రెక్సేట్ ఆపనక్కర్లేదన్నదే ఎక్కువమంది వైద్యుల అభిప్రాయం. టోసిలిజుమాబ్ లాంటి బయలాజిక్ సూదులు వాడుతుంటే మాత్రం పన్ను తీసే తేదీని కీళ్ళ డాక్టరుతో మాట్లాడి పెట్టుకోవాలి. స్టెరాయిడ్ల వల్ల ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే బిస్‌ఫాస్ఫొనేట్లు, డెనోసుమాబ్ అరుదుగా దవడ ఎముకను కుళ్ళబెడతాయి, అదీ పన్ను తీశాక. పీకాల్సిన పళ్ళేవో ఆ మందులు మొదలుపెట్టక ముందే పీకించుకుంటే ఈ గొడవ ఉండదు.

ఇక రోజువారీ పని. వేళ్ళు ముడుచుకోని మనిషికి సన్నటి బ్రష్ కాడ పట్టు చిక్కదు. సైకిల్ హ్యాండిల్‌కు తొడిగే రబ్బరు గ్రిప్‌ను కాడకు ఎక్కిస్తేనో, పాత గుడ్డను మందంగా చుట్టి రబ్బరు బ్యాండ్లు వేస్తేనో పిడికిలికి పట్టు దొరుకుతుంది. దారంతో పళ్ళ సందులు శుభ్రం చేసుకోవడం ఈ చేతులకు కుదరని పని, చిన్న కుంచెలాంటి ఇంటర్‌డెంటల్ బ్రష్ నయం. పొద్దున్న వేళ్ళు బిగుసుకుని ఉంటాయి కాబట్టి శ్రద్ధగా తోమడం రాత్రికి పెట్టుకుని, పొద్దున్న పైపైన కానిచ్చినా ఫరవాలేదు. స్కేలింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయన్న భయం కోల్‌కతాలోనూ ఉంది, కాకినాడలోనూ ఉంది. గార తీశాక కదిలినట్టనిపించే పన్ను అంతకు ముందే ఎముక పట్టు కోల్పోయి, గార అంటుకుని ఉండబట్టి నిలబడ్డది.